దుబాసీ నౌకరా, దొరకి దొరా?

చూలై కోడలు:
మా అత్తగారిల్లు చూలైలో, అవధానం పేపియర్ రోడ్డు దగ్గర. ఆ పేపియర్ మన తెలుగు పాపయ్యేనట, మదరాసు దొరల దగ్గర దుబాసీ అట, మావయ్యగారు చెబుతారు. దుబాసీ అంటే మాట అటూఇటూ చేరవేసేవాడే కదా? మరి ఈస్టిండియా కంపెనీ కాలపు ఇళ్ల జమాఖర్చుల్లో వంటవాడి పక్కన, నౌకర్ల పట్టీలో ఉంటాడేం? నౌకరు పేరు వీధికి పెడతారా?

సౌకార్‌పేట ఆడిటర్:
నౌకరేనమ్మా, కాకపోతే పెట్టె తాళాలు అతని మొలలో ఉండేవి. అప్పుడు మదరాసుకి రేవు లేదు. ఓడ దూరంగా ఆగితే మసూలా పడవలో అలలు దాటి రావాలి. తడిసి ముద్దయి దిగిన కుర్ర దొరకి భాషా రాదు, ధరలూ తెలియవు. దుబాసీ వచ్చి ఇల్లు చూసేవాడు, పల్లకీ కుదిర్చేవాడు, వంటవాణ్ణి పెట్టేవాడు. కంపెనీలో రైటరు, అంటే గుమాస్తా, జీతం ఏడాదికి 5 పౌన్లతో మొదలు. దాంతో పల్లకీ భోగమా? అందుకే దుబాసీయే వడ్డీకి అప్పిచ్చేవాడు. పైగా ఇంటికొచ్చే సరుకు మీద దస్తూరీ, అంటే కమీషను. నా వృత్తి బుద్ధేమో గానీ, నాకిక్కడ ఖాతా ఒక్కటే కనిపిస్తుంది: జీతమిచ్చేవాడే బాకీదారు!

ఆ దొర పై హోదాకి ఎక్కితే ఇక చెప్పేదేముంది, పనులున్నవాళ్లంతా ముందు దుబాసీ గుమ్మమే ఎక్కేవారు. పాపయ్యకి 1789లో గవర్నరైన జాన్ హాలండ్, అతని సోదరుడు ఎడ్వర్డ్ అండ ఉండేది. డేవిడ్ హాలిబర్టన్ అనే కంపెనీ అధికారి మీద కుట్ర చేశాడన్న కేసులో పాపయ్య 1792లో దోషిగా తేలాడు. అయినా రోడ్డుంది చూడండి.

అడయార్ పాఠకుడు:
పుదుచ్చేరిలో ఫ్రెంచి గవర్నరు డూప్లే దగ్గర దుబాసీగా చేసిన ఆనందరంగ పిళ్లై 1736 నుంచి 1761 దాకా డైరీ రాశాడు. ఇంగ్లీషులో 12 సంపుటాలు. బేరాలు, కానుకలు, చాడీలు, అన్నీ ఉంటాయి. ఓడలకి సరుకులు అందించేవాళ్లనీ దుబాసీలే అనేవారు. బొంబాయి పార్శీల్లో దుబాష్ ఇంటిపేరే ఉంది.

చూలై కోడలు:
అయ్యబాబోయ్, కోడి మీద కూడా దస్తూరీయా! మరి తర్వాత ఇంటి పెత్తనం ఎవరికి పోయింది?

సౌకార్‌పేట ఆడిటర్:
బట్లరుకి. అతని చేతికింద గిన్నెలు కడిగి దీపాలు తుడిచే కుర్రాణ్ణి మదరాసు దొరలు మేటీ అనేవారు. వాడి పేర రోడ్డు ఎక్కడా నా కంటపడలేదు.