సమస్యాపూరణం: బాధపెట్టి తీఁగ బాధ తీర్చె

నిర్వాహకుడు

ఈ వారం సమస్య ఆటవెలదిలో నాలుగో పాదం. ముందు మూడు పాదాలూ మీరు పూరించాలి:

బాధపెట్టి తీఁగ బాధ తీర్చె

ఈ పాదం నాకు సెల్లో అనే వాద్యం (వయొలిన్ లాంటిదే, బాగా పెద్దది) వింటుండగా తట్టింది. నిరుటిదాకా ఆ వాద్యం పేరు తెలుసు, అంతే. ఒక రాత్రి నిద్ర పట్టక హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే జర్మన్ స్వరకర్త బాఖ్ సెల్లోకి రాసిన మొదటి సూట్ (నాట్యగతుల్లో సాగే చిన్న రచనల వరుస) వచ్చింది. పక్కవాద్యం లేదు, తాళవాద్యం లేదు, ఒక్క సెల్లో. అయినా ఇద్దరు మాట్లాడుకుంటున్నట్టుంది. ఆ వారమంతా వేరే ఏదీ వినలేదు.

తర్వాత చదివి తెలుసుకున్నాను. 1890లో 13 ఏళ్ల పాబ్లో కసాల్స్ (తర్వాత పేరుపొందిన సెల్లో కళాకారుడు) నాన్నతో కలిసి బార్సిలోనాలో పాత సంగీతప్రతులు అమ్మే కొట్టుకు వెళ్తే ఈ ఆరు సూట్లూ దొరికాయట. పన్నెండేళ్లు సాధన చేశాకగాని సభలో వాయించలేదు. ఆరూ రికార్డు చేసింది 1936-39 మధ్య. దొరికినదాన్ని అన్నేళ్లు తనలోనే దాచుకున్నాడంటే నాకు చెప్పలేనంత గౌరవం కలిగింది.

సెల్లోకి నాలుగు తీగలు. పక్కపక్క తీగల మధ్య దూరం మన స-ప దూరమే. వాద్యాన్ని మోకాళ్ల మధ్య పెట్టుకుని ఛాతీకి ఆనించుకుంటారు కాబట్టి, వాయించేవాళ్లకు ఆ నాదం చెవికన్నా ముందు ఎముకలకు తెలుస్తుందంటారు.

పూరణ సెల్లో మీదే ఉండాలని నియమం లేదు.

గోదారిగట్టు

జ్వరము వచ్చి మేను వణకుచుండఁగ నవ్వ
తిప్పతీఁగ రసము తెచ్చి పోసె
చేదు మ్రింగి మ్రింగి చెమటలు పట్టంగ
బాధపెట్టి తీఁగ బాధ తీర్చె

నిర్వాహకుడు

తీగ అనగానే పెరట్లోకి వెళ్లారు! జ్వ–వ యతి (పాదం మొదటి అక్షరానికీ నడిమి అక్షరానికీ మైత్రి) చక్కగా కుదిరింది. దోషమేమీ లేదు. అభినందనలు.

రేయెండ

అర్ధరాత్రి వేళ నందఱు నిదురించ
మంద్ర తంత్రి యొకటి మౌనముడిగి
గుండెలోని మాట గొణిగినట్లుగ నేడ్చి
బాధపెట్టి తీఁగ బాధ తీర్చె

బాఖ్ ఐదో సూట్‌లోని సారబాండ్ (నెమ్మదైన నాట్యగతిలో సాగే భాగం) విని రాశానండీ. అందులో ఎక్కడా రెండు స్వరాలు కలిసి మోగవు. ఒకదాని తర్వాత ఒకటి, అంతే.

నిర్వాహకుడు

మూడో పాదం చాలా బాగుంది. గొణుగుడు అన్న మాట సెల్లోకి సరిగ్గా అతికింది. కానీ రెండో పాదంలో తంత్రి, నాలుగో పాదంలో తీఁగ. రెండూ ఒకటే కాబట్టి కర్త రెండుసార్లు వచ్చినట్టయింది. ‘మంద్రమైన గొంతు మౌనముడిగి’ అంటే ఆ ఇబ్బంది పోతుంది.

రేయెండ

గొంతు అనడం నాకూ నచ్చింది. సవరించుకుంటాను. ధన్యవాదాలండీ.

కొత్తచిగురు

ఆటవెలది రాయడం ఇదే మొదటిసారి. తప్పులుంటే చెప్పండి.

చిన్నతనము నుండి వింటిని వయొలిను
పెద్దనైన పిదప పెద్ద పెట్టె
లోఁతు తెలిపె, నన్ను లోనికిఁ బిలిచెను
బాధపెట్టి తీఁగ బాధ తీర్చె

గోదారిగట్టు

గణాలన్నీ సరిపోయాయి. మొదటి పాదంలో మాత్రం యతి తప్పింది, చి–వి చెల్లదు. ‘చిన్నతనము నుండి చెవి కింపు వయొలిను’ అనండి, సరిపోతుంది. సెల్లోను పెద్ద పెట్టె అనడం ఎంత ముద్దుగా ఉందో! దాన్ని మాత్రం మార్చకండి.

ఏటిఒడ్డు

శిథిలమైన చోట సెల్లో యొకఁడు మీట
రొట్టె కొఱకు నిలిచి రూపుమాసి
పోయినట్టివారి పొద్దులఁ దలపించి
బాధపెట్టి తీఁగ బాధ తీర్చె

బోస్నియా యుద్ధంలో, 1992 మే 27న, దాని రాజధాని సారయేవోలో రొట్టె కోసం వరుసలో నిలబడ్డవాళ్ల మీద షెల్ పడింది. ఆ ఊరి సెల్లో కళాకారుడు వెద్రాన్ స్మైలోవిచ్ ఆ తర్వాత వీధిలోకి వచ్చి, అల్బినోని అనే స్వరకర్త పేరుతో ప్రసిద్ధమైన అడాజియో (నెమ్మదిగా సాగే రచన) వాయించాడు. ఆగస్టులో తగలబడిన జాతీయ గ్రంథాలయం శిథిలాల మధ్య ఆయన సెల్లోతో కూర్చున్న ఫోటో చూసే ఉంటారు.

నిర్వాహకుడు

రెండు మాటలు చెప్పాలి. మొదటిది చిన్నది. ‘మీట’ కుదరదు. సెల్లోను వేళ్లతో మీటే పద్ధతీ ఉంది గాని ఆ అడాజియోలో పాటంతా కమానుదే. ‘సెల్లోను పలికించ’ అంటే గణమూ యతీ రెండూ నిలుస్తాయి.

రెండోది నన్ను రెండు రోజులుగా తొలుస్తోంది. అక్కడ ‘బాధ తీర్చె’ అనవచ్చా? రొట్టెకు వెళ్లి తిరిగి రాని మనిషి ఇంట్లో ఏ తీగ ఏం తీర్చగలదు? పద్యం బాగుందని చెప్పి ఊరుకోలేకపోతున్నాను.

ఏటిఒడ్డు

తీరిందని నేనూ అనుకోను. సమస్యలో ఉన్న మాట అది, దాన్ని దాటలేకపోయాను. వినడానికి వచ్చి నిలబడ్డవాళ్లకు ఆ కాసేపు అన్న అర్థంలో వాడాను. అయితే ఎవరి బాధ అన్నది పద్యంలో రాలేదు, ఒప్పుకుంటున్నాను. మళ్లీ ప్రయత్నిస్తాను.

పూతరేకు

వ్రేలి కొనలు కంది వెతఁ బడ్డ రోజులు
గడిచిపోయి తోలు గట్టిపడియె
నాన్న లేని యింట నాదమై నిండుచు
బాధపెట్టి తీఁగ బాధ తీర్చె

మేము టెక్సాస్‌లో ఉంటాం. మా అమ్మాయి స్కూల్ ఆర్కెస్ట్రాలో సెల్లో తీసుకుంది. నెలకింతని అద్దెకు తెచ్చాం. తనతో పాటు నేనూ మొదలుపెట్టాను.

నిర్వాహకుడు

పూతరేకు గారూ, ఈ పాదం ఇవ్వడం వృథా పోలేదు. పెట్టిన బాధ వేళ్లది, తీర్చిన బాధ వేరు. మొదటి పాదంలోనే ‘వెత’ అని నాటారు కాబట్టి సమస్యలో విరోధం దానంతటదే విడిపోయింది. ‘తోలు’ ఒక్కటే కాస్త మొరటుగా ఉందేమో.

పూతరేకు

తోలే అండీ. స్టీల్ తీగ నొక్కి నొక్కి ఎడమచేతి వేళ్ల చివర్లు నిజంగా చెప్పు అట్టలా తయారయ్యాయి. మొదటి నెలలో గిన్నెలు తోమితే మండేవి, ఇప్పుడు వేడి పెనం తగిలినా తెలియదు. అందుకే ఆ మాట ఉంచేస్తాను.

నిర్వాహకుడు

అయితే ఉంచండి. నాదే పొరపాటు. మూడో పాదం గురించి అడగవచ్చా?

పూతరేకు

నాన్న కిందటి వేసవిలో మా దగ్గరే ఉన్నారు. నేను పాఠాలు తప్పుల తడకగా వాయిస్తుంటే హాల్లో కూర్చుని వినేవారు. కాసేపయ్యాక, ‘అవన్నీ ఎందుకమ్మా, ఆ లావు తీగ ఒక్కటీ వేలు పెట్టకుండా నిదానంగా లాగు. తంబూరాలా ఉంటుంది’ అనేవారు. అన్నిటికన్నా కిందిస్థాయి తీగ అది. లాగితే సోఫా చెక్క కూడా అదిరేది.

ఇప్పుడు అమ్మ వచ్చింది. తనకు సంగీతం పెద్దగా తెలియదు. నేను కమానుకు రోజిన్ రాస్తుంటే వచ్చి నాన్న కూర్చున్న చోటే కూర్చుని, ‘ఆయన అడిగే తీగ ఏది?’ అంటుంది.