దోసకాయ కీరకు చుట్టమా, కర్బూజాకు తోబుట్టువా?

పెన్నఒడ్డు:
మన పసుపుపచ్చ దోసకాయను ఊరు దాటించి అమ్మేవారు సంచీల మీద 'ఎల్లో కుకుంబర్' అని అచ్చు వేస్తున్నారు. ఆ పేరు తప్పన్నది నా వాదన. వృక్షశాస్త్రంలో కీర కుకుమిస్ సటైవస్, కర్బూజా కుకుమిస్ మెలో. మన దోసకాయ ఈ రెండో జాతికి చెందినదే. అందులో అసిడ్యులస్ అనే వర్గంలోకి వస్తుంది. ఆ మాటకు కాస్త పుల్లనిది అని అర్థం. కీరకు 7 జతల క్రోమోజోములుంటే కర్బూజాకూ దోసకాయకూ 12 జతలు ఉన్నాయి. అందువల్ల కీర పుప్పొడి దోసపువ్వు మీద ఎంత రాలినా గింజ కట్టదు; కర్బూజా పుప్పొడి పడితే నిక్షేపంగా కడుతుంది. పొలంలో చూసినా తేడా తెలుస్తుంది. కీర పిందెను పట్టుకుంటే చిన్న ముళ్లు గుచ్చుకుంటాయి, దోస పిందె మీద మెత్తని నూగు ఉంటుంది. కీర ఆకు మొనలు తేలి ఉంటుంది, దోస ఆకు గుండ్రంగా ఉంటుంది. తీపి లేదన్న ఒక్క కారణంతో ఇంటి బిడ్డను పక్కింటి పేరుతో పిలవడం ఏమి న్యాయం?

తిరగమోత:
పెన్నఒడ్డు గారూ, క్రోమోజోముల లెక్కతో నాకు పేచీ లేదు. కాని కూరగాయల పేర్లు వంటింట్లో పుడతాయి. తెలుగువారు కీరదోస అన్నారు, నక్కదోస అన్నారు, పప్పులో వేసేదాన్ని ఉత్త దోస అన్నారు. మీరు వేరు చేయమంటున్న రెండు జాతులనూ ఒక్క మాట కింద కలిపి పెట్టుకున్నది మనమే. ఇది మన ఒక్కరి పొరపాటు కూడా కాదు. కన్నడిగులు మంగళూరు సౌతెకాయి అంటారు, మలయాళీలు విషు పండుగనాడు కణిలో, అంటే తెల్లవారగానే చూసే మంగళవస్తువుల్లో, పెట్టే బంగారురంగు కాయను కణివెళ్లరి అంటారు. అవి రెండూ మన దోసకాయ వర్గానివే, అయినా సౌతె, వెళ్లరి అనే మాటలు కీరకూ చెల్లుతాయి.

ఇక వాడుక సంగతి. దోసావకాయకు కాయ గట్టిగా, పుల్లగా ఉండాలి. చెక్కు తీయకుండా చిన్న ముక్కలు తరిగి, ఆవపిండి, కారం, ఉప్పు, నూనె కలిపితే మర్నాటికల్లా ముక్కలోని నీరు దిగి ఊట వస్తుంది, ఆ ఊటే పచ్చడికి ప్రాణం. మామిడికాయ ఆవకాయలాగా ఏడాది నిలవ ఉండేది కాదు గనుక ఎప్పటికప్పుడు కలుపుకుంటాం. పప్పులో వేస్తే చింతపండు తగ్గించవచ్చు, కాల్చి నూరితే రోటిపచ్చడి అవుతుంది, మాంసంతో కలిపి వండేవారూ ఉన్నారు. ఇందులో కర్బూజాలాగా కోసుకుని చప్పరించే పని ఎక్కడుంది? సంచీ మీద 'మెలన్' అని ఉంటే దాన్ని పప్పుకోసం కొనేవారెవరు?

పాతకాగితం:
ఇద్దరూ చరిత్రను వదిలేశారు. ఖర్బూజా అన్నది పారశీక పదం. ఆ మాటతోపాటే ఆ పండుకు రాజభోగం వచ్చింది. బాబర్ హిందుస్థానంలో మంచి కర్బూజాలు లేవని తన జ్ఞాపకాల్లో వాపోయాడు. 1529లో తన సహచరుడు ఖ్వాజా కలాన్‌కు రాసిన ఉత్తరంలో, తనకు తెచ్చిచ్చిన పండు కోసి తింటూ కాబూలు గుర్తొచ్చి కన్నీళ్లు పెట్టుకున్నానని చెప్పుకున్నాడు. ఆగ్రా తోటలో నాటించిన తీగలు కాసినప్పుడు సంబరపడ్డాడు కూడా. అయితే ఆయన తలుచుకుని ఏడ్చింది మధ్య ఆసియా తీపి రకాల కోసం. ఆ జాతిలోని పుల్లనివి, చప్పనివి, పగిలేవి, చేదువి ఈ నేల మీద అంతకు ముందునుంచే ఉన్నాయి. కుకుమిస్ మెలోను మనుషులు ఆసియాలో ఒకసారి, ఆఫ్రికాలో మరొకసారి విడివిడిగా సాగులోకి తెచ్చుకున్నారని జన్యు పరిశీలనలు చెబుతున్నాయి. కాబట్టి దోసకాయను కర్బూజాకు పేద బంధువుగా చూడడం తలకిందుల వ్యవహారం.

మృత్యుంజయ మంత్రంలో 'ఉర్వారుకమివ బంధనాత్' అన్న మాటను మన పండితులు దోసపండుగానే వివరిస్తారు. ఆంగ్ల అనువాదాలు చాలా వాటిలో కుకుంబర్ కనిపిస్తుంది. పండినప్పుడు తొడిమ నుంచి తనంతట తాను విడిపోవడం ఆ ఉపమానానికి ఆయువుపట్టు. కీర ముదిరి పసుపెక్కినా తీగను పట్టుకునే ఉంటుంది, కోస్తేగాని రాదు. కర్బూజా అయితే పక్వానికి వచ్చేసరికి తొడిమ చుట్టూ సన్నని పగులు ఏర్పడి, వేలితో నెడితే ఊడి వస్తుంది. రైతు కోతకు గుర్తు అదే. మంత్రం మెలో వైపే మొగ్గుతుందని నా అభిప్రాయం.

తిరగమోత:
పాతకాగితం గారూ, ఉపమానం అందంగానే ఉంది. కాని కూరకు తెచ్చుకునే దోసకాయ అంతగా పండేదాకా ఎవరూ తీగ మీద ఉంచరు, గట్టిగా ఉండగానే కోస్తారు. మీరు చెప్పిన గుణం మా చేతికొచ్చే కాయలో కనబడదు.

విత్తనాలబుట్ట:
పండిన కూరదోస సంగతి ఎలా ఉన్నా, చేలగట్ల మీద తనంతట తానే మొలిచే బుడమకాయలు రాలడం మేము రోజూ చూసేదే. అవీ ఇదే జాతి. తెలంగాణలో వాటిని చక్రాలుగా కోసి, ఉప్పు రాసి, ఎండబెట్టి వరుగులు చేసుకుంటారు. రాజస్థాన్‌లో కచ్రీ పేరుతో ఎండబెట్టి పొడిచేసి మాంసం మెత్తబడడానికి వేసేదీ ఇలాంటి కాయే. ఈ జాతి కాయల్లో మాంసకృత్తులను విడగొట్టే ఎంజైము ఉండడమే అందుకు కారణం.

నేను పెన్నఒడ్డు గారి పక్షం, కాని గౌరవం కోసం కాదు. సొంత విత్తనం కట్టుకునేవాడికి ఈ పేరు తేడా నష్టం తెచ్చిపెడుతుంది. దోస కీర జాతే అనుకున్న రైతు దోసమడి పక్కన కర్బూజా వేసి, కీరను మాత్రం దూరంగా పెడతాడు. జరగవలసింది సరిగ్గా దానికి తిరగబడిన పని. తేనెటీగలకు గట్లు అడ్డం కావు. విత్తన ధ్రువీకరణ ప్రమాణాల్లో కర్బూజా మూలవిత్తనానికి 1,000 మీటర్లు, ధ్రువీకృత విత్తనానికి 500 మీటర్లు ఎడం పాటించాలని ఉంది. ఆ ఎడం దోసకాయ నుంచి కూడా అవసరమే.

చేదు విషయంలో మా ఊళ్లో ఒక తగువు ఏటా వస్తుంది. పక్కచేలో బుడమతీగ ఉంది గనుక నా కాయలు చేదెక్కాయని ఒకరంటారు. కండ తల్లితీగ అండాశయం నుంచి ఏర్పడేది కాబట్టి పరాయి పుప్పొడి ఆ కాయ రుచిని అప్పటికప్పుడు మార్చలేదు. ఆ ఏటి చేదుకు తీగలో ఉన్న గుణమో, నీరు చాలక పడిన బాధో కారణమై ఉంటుంది. బుడమ పుప్పొడి ఫలితం గింజలో దాక్కుని, ఆ గింజ నాటిన మరుసటి ఏడు బయటపడుతుంది. అప్పటికి గట్టు మీది బుడమతీగను అందరూ మరిచిపోతారు, నింద విత్తనం ఇచ్చినవాడి మీద పడుతుంది.

తిరగమోత:
చేదు మాట వచ్చింది గనుక చెబుతున్నాను: తరిగేముందు గింజల దగ్గర చిన్న ముక్క నాలుక మీద పెట్టుకోకుండా నేను ఏ దోసకాయనూ కూరలో వేయను. చేదు తగిలితే కాయ మొత్తం పారవేయాలి. ఆ చేదు కుకుర్బిటాసిన్లనే పదార్థాల వల్ల వచ్చేది. ఉడికించినా పోదు, ఎక్కువగా తింటే వాంతులు, విరేచనాలు అవుతాయి. అమ్మమ్మల నాటి నుంచి ఉన్న ఈ అలవాటు ఇప్పటి పిల్లలకు తప్పిపోతోంది.

విత్తనం వాదనకు మాత్రం నా దగ్గర జవాబు లేదు, ఒప్పుకుంటున్నాను. అయినా విత్తన సంచీ వేరు, కూరగాయల సంచీ వేరు. కేరళలో కొడుంగల్లూరు పొట్టువెళ్లరికి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అదీ మెలో జాతిదే, పండితే పగులుతుంది, రసం తీసుకుని తాగుతారు. వారు దానికి ఇంగ్లీషు పేరు వెతకలేదు, పొట్టువెళ్లరి అనే నమోదు చేయించుకున్నారు. మనమూ 'దోసకాయ' అనే రాస్తే కుకుంబర్ గొడవా ఉండదు, మెలన్ గొడవా ఉండదు.

పెన్నఒడ్డు:
కూరగాయల సంచీ మీద 'దోసకాయ' అని చాలు, ఒప్పుకున్నాను. నేను ఎదురు చెప్పింది కుకుంబర్ అన్న మాటకే. విత్తన సంచీ మీద మాత్రం కుకుమిస్ మెలో అని ఉండి తీరాలి. రాజేంద్రనగర్ నుంచి వచ్చిన ఆర్‌.ఎన్‌.ఎస్‌.ఎం. దోస రకాల వంటివి కొన్నవాడికి, వాటి పక్కన ఏమి వేయకూడదో ఆ రెండు మాటలే చెబుతాయి.

విత్తనాలబుట్ట గారూ, దోసకూ కర్బూజాకూ మీ చేతులతో ఎప్పుడైనా సంకరం చేశారా?

విత్తనాలబుట్ట:
ఒకసారి చేశాను. మర్నాడు విచ్చుకోబోయే పిందెపువ్వును సాయంత్రమే గుర్తుపట్టి, అందులో పుప్పొడి తిత్తులుంటే పట్టకారుతో తీసేసి, పలచని గుడ్డతో మూసి దారం కట్టాలి. కర్బూజా మగపువ్వులకూ అదే సాయంత్రం ముసుగు వేయాలి. తెల్లవారాక ఆ మగపువ్వు రేకులు తుంచి, కేసరాలను పిందెపువ్వు కీలాగ్రం మీద మెల్లగా రుద్ది, మళ్లీ మూసి, తొడిమకు రంగుదారం చుట్టాలి. నేను పది పువ్వులకు చేస్తే రెండే నిలిచాయి.

ఆ గింజలు నాటితే మరుసటి వేసవిలో కాయలు దండిగా కాశాయి. ఈ జాతిలో పులుపు ప్రబల లక్షణం కనుక అన్నీ పుల్లగానే వచ్చాయి, తీపి పేరుకు కూడా లేదు. వాసన మాత్రం పూర్తిగా కర్బూజాది. మా ఇంట్లో వాటిని పప్పులో వేశారు.

తిరగమోత:
ఎవరైనా రెండోసారి వడ్డించుకున్నారా?

విత్తనాలబుట్ట:
మా గేదె వడ్డించుకుంది.