తీపి పానీయాల పన్ను: అదనపు ఆయుష్షులోని వైద్య ఖర్చును లెక్కలో కలపాలా?

మెక్సికోలో 2014 జనవరిలో తీపి పానీయాలపై లీటరుకు 1 పెసో చొప్పున విధించిన పన్ను వల్ల దీర్ఘకాలంలో ఎంత వైద్య ఖర్చు ఆదా అవుతుందో ఎక్సెల్‌లో జనం ఆరోగ్య స్థితి ఏటా ఎలా మారుతుందో లెక్కించే మార్కోవ్ మోడల్‌తో అంచనా వేస్తున్నాను. పన్ను లేకపోతే ఉండే స్థాయితో పోలిస్తే కొనుగోళ్లు 2014లో 5.5 శాతం, 2015లో 9.7 శాతం తగ్గాయన్న ప్రచురిత ఫలితాలను వాడాను. ఏడాదికొక సైకిల్ (లెక్కలో ఒక దశ), 50 ఏళ్ల గడువు, ఖర్చులకూ ప్రయోజనాలకూ 3 శాతం డిస్కౌంట్ రేటు (భవిష్యత్తు మొత్తాలను నేటి విలువకు తగ్గించే రేటు) తీసుకున్నాను.

మధుమేహం తప్పినవారు ఎక్కువకాలం బతికి, వృద్ధాప్యంలో ఇతర జబ్బులకు చేయించుకునే చికిత్స ఖర్చును కలిపితే, చివరి వరుసలోని ఆదా మైనస్‌లోకి పోతోంది. రేటును 0 నుంచి 5 శాతం దాకా మార్చినా, గడువును 20 ఏళ్లకు కుదించినా ఫలితం నిలకడగా రాలేదు. మనిషి బతకడమే నష్టంగా కనిపించే పట్టికను సమర్పించడానికి నాకు మనసొప్పడం లేదు.

మధుమేహంతో సంబంధం లేని ఆ ఖర్చును ప్రధాన లెక్కలోనే కలపాలా, లేక అంచనాలు మారిస్తే ఫలితం ఎంత మారుతుందో చూసే సెన్సిటివిటీ అనాలిసిస్‌లో విడిగా చూపాలా?