పందికొక్కు, బ్యాండికూట్: ఆ చివరి ‘ట’ ఎక్కడిది?

అరసున్న: ఆస్ట్రేలియా ఇంగ్లీషులో ‘బ్యాండికూట్’ క్రియ కూడా. పైన ఆకు చెదరకుండా మట్టిలో చెయ్యి పెట్టి దుంపలు లాగేసుకోవడం. కాడలు వాడేదాకా రైతుకి తెలియదు. మాట మన పందికొక్కేనని ఆంగ్లో-ఇండియన్ మాటల నిఘంటువు హాబ్సన్-జాబ్సన్ (1886) చెప్పనే చెప్పింది. తేలనిది చివరి హల్లు. ‘కొక్కు’లో లేని ‘ట’ ఎలా వచ్చింది?

వలపలగిలక: విషమీకరణం. రెండు కకారాలు దగ్గరదగ్గరగా పడితే రెండోది మారుతుంది.

బండిర: కుక్, కేక్ అనే నాలుకకి ‘కొక్’ కష్టమా? ‘కూట్’ అనే నీటిపక్షి పేరు వాళ్ళకి ముందే ఉంది. తెలియని తోకని దానికి అతికించారు. నన్నడిగితే చూడాల్సింది మొదటి అక్షరం. మన ‘ప’లో ఊపిరి ఉండదు కనక ఇంగ్లీషు చెవికి ‘బ’ అనిపిస్తుందంటారు. మరి తమిళ ‘పందల్’ అక్కడ ‘ప్యాండల్’గానే నిలిచిందే! మద్రాసు దొరల ఇంగ్లీషులో ‘బండి’ని ‘బ్యాండీ’ అనేవారు. ఆ ప్రభావమే ఇది.

వలపలగిలక: తమిళం మీదుగా వెళ్ళి ఉండొచ్చుగా?

అరసున్న: కుదరదండీ. తమిళంలో ‘కొక్కు’ అంటే కొంగ, ఈ జంతువు పెరుచ్చాళి. కన్నడంలో హెగ్గణ, మరాఠీలో ఘూస్. పందినీ కొక్కునీ జతచేసింది తెలుగే, అది పందిలా గుర్రుమంటుంది కనక. శాస్త్రనామం బాండికోటా ఇండికాలోనూ ‘ట’ ఉంది చూడండి. ఆస్ట్రేలియాలో బ్యాండికూట్ అనే జంతువు అసలు ఎలుకజాతే కాదు, కంగారూలా సంచిజీవి. సంచి మూతి వెనక్కి ఉంటుంది, తవ్వేటప్పుడు మన్ను లోపల పడకుండా.

బండిర: ఎలుక అంటే వేమన. ‘ఎలుక తోలు దెచ్చి యెన్నాళ్ళు నుతికిన’.

వలపలగిలక: ‘యేడాది యుతికిన’ కదా!

బండిర: యతికీ గణాలకీ రెండూ సరిపోతాయి. తగణం, నలం.

వలపలగిలక: ఛందస్సు సరే, సంధి మాటేమిటి? ‘ఎన్నాళ్ళు’ మీద ‘ఉతికిన’ వస్తే ఉత్వసంధి జరిగి ‘ఎన్నాళ్ళుతికిన’ కావాలి. ఆ నకారం ఎక్కడిది? ‘ఏడాది’ తర్వాత యడాగమం సహజంగా కుదురుతుంది. వేమన అంత తేలిగ్గా నడిచే పాదాన్ని వదులుకోడు.

బండిర: ‘ఎన్నాళ్ళున్’ అని ద్రుతాంతంగా తీసుకోండి, నకారం దొరుకుతుంది. వేమన పద్యాలు నోటిమీద నిలిచినవి. వ్యాకరణం చూసి పాఠం తేల్చడం ఆయనకి అన్యాయం. బ్రౌన్ 1829లో అచ్చువేసిన పాఠం ఎవరి దగ్గరైనా ఉంటే ఆ పాదం యథాతథంగా పెట్టండి.

అరసున్న: పెట్టండి, తప్పకుండా. ‘ట’ సంగతి కూడా ఎవరైనా చూడండి. ‘కూట్’ పక్షి వాదం నిలవాలంటే ‘క్’తో ముగిసే పాత ఇంగ్లీషు వర్ణక్రమం ఒక్కటైనా ముందు దొరకాలి.