అప్‌డేట్: ఎండాకాలం లాంచీ ప్రయాణం, చివరికి ఏం చేశామంటే

పోయిన నెల అడిగాను కదా: మోకాళ్ల నొప్పుల అత్తమ్మ, ఆరేళ్ల పాప, ఫోన్ వదలని కొడుకు, అందరికీ సరిపోయే పడవ ప్రయాణం ఏదని. నాగార్జునసాగర్ నుంచి శ్రీశైలం దాకా పోయే లాంచీ మీదే నా మనసంతా ఉండేది. కానీ అది నీటిమట్టాన్ని బట్టి నడుస్తుంది, ఎండాకాలంలో నమ్మకం లేదని మీలో ఒకరు హెచ్చరించారు. ఫోన్ చేస్తే అదే నిజమైంది.

అందుకే సాగర్ జలాశయం మధ్యలో దీవిలా ఉన్న నాగార్జునకొండకే పోయాం. నల్లగొండలో తెల్లవారుజామునే బయలుదేరి మొదటి లాంచీ పట్టుకున్నాం. శుక్రవారం కొండ మీది మ్యూజియానికి సెలవు కాబట్టి శనివారం పెట్టుకున్నాం. లైఫ్ జాకెట్ వేసుకోనని పాప ఏడ్చింది. నాయనమ్మ వేసుకున్నాక ఊరుకుంది.

ఆశ్చర్యమేమంటే, బాగా నచ్చింది మావాడికే. డ్యామ్ కడితే లోయంతా మునుగుతుందని 1954 నుంచి తవ్వకాలు జరిపి, ఒకప్పుడు ఇక్కడ పాలించిన ఇక్ష్వాకు రాజుల కాలం నాటి కట్టడాలు కొన్నింటిని ఈ కొండ మీదికి తెచ్చి మళ్లీ కట్టారని చెప్పాను. "అంటే మనం ఊరి మీదుగా వచ్చామా?" అని నీళ్లకేసి చూస్తూ ఉండిపోయాడు. ఫోన్ జేబులోనే ఉంది!

అత్తమ్మకు మాత్రం రేవు దగ్గర మెట్లు కష్టమైంది, ఇద్దరం పట్టుకోవాల్సి వచ్చింది. పులిహోర, మజ్జిగ ఇంటి నుంచే తీసుకెళ్లడం మంచిదైంది. తిరుగు లాంచీ టైమ్ దిగేటప్పుడే అడిగి పెట్టుకోండి, మేం ఎండలో గంట కూర్చున్నాం.

శ్రీశైలం లాంచీ వానలు పడ్డాక చూస్తాం. అత్తమ్మ అప్పుడే సంచి సర్దుతోంది.