చెన్నై నడిబొడ్డున ఆర్భాటం లేని హోటల్: ఎగ్మోర్‌లో దిగవచ్చా?

ప్రశ్న (కాకినాడ నుంచి)

అందరికీ నమస్కారం. వచ్చే నెల అమ్మానాన్నలను తీసుకుని చెన్నై వస్తున్నాను. అమ్మకు నుంగంబాక్కంలో కంటి పరీక్షలు ఉన్నాయి. తెలుగు మాస్టారుగా పదవీ విరమణ చేసిన నాన్నగారికి ఎగ్మోర్ మ్యూజియంలోని అమరావతి శిల్పాలను చూడాలని చాలాకాలంగా కోరిక. రాత్రి రైలెక్కి తెల్లవారుజామున ఎగ్మోర్‌లోనే దిగుతాము. పాలరాతి లాబీలు, ఈతకొలనులు మాకు అక్కర్లేదు. శుభ్రమైన పడక, రాత్రి నిద్ర, మర్యాదగా మాట్లాడే మనుషులు ఉంటే చాలు. స్టేషను దగ్గర దిగితే రణగొణధ్వని తప్పదని కొందరు అంటున్నారు. అక్కడ ఉండి చూసినవారు దయచేసి చెప్పగలరు.

జవాబు 1 (చెన్నై, పురసవాక్కం)

మీ పనులకు ఎగ్మోర్‌ను మించినది లేదని నా అభిప్రాయం. స్టేషను ఎదుట ఉన్న గాంధీ ఇర్విన్ రోడ్డు, పక్కనున్న కెన్నెట్ లేన్ లాడ్జీలతో నిండి ఉంటాయి. అక్కడ తెల్లవార్లూ ఆటోలు తిరుగుతూనే ఉంటాయి కనుక పెద్దవాళ్లకు నిద్ర పట్టడం కష్టమే. అయితే అదే పేటలో కాస్త లోపలికి, పాంథియన్ రోడ్డు వైపు నడిస్తే, బయటికి పాత కార్యాలయంలా కనిపించే చిన్న హోటళ్లు ఉన్నాయి. బోర్డు చిన్నది, ముందుగది ఇరుకు, గది మాత్రం తృప్తిగా ఉంటుంది. ఫోనులో మాట్లాడేటప్పుడు వెనకవైపు గది కావాలని, అది లిఫ్టుకు ఆనుకుని ఉండకూడదని స్పష్టంగా అడగండి; రోడ్డు కనిపించే గదికి ఎక్కువ అద్దె ఇచ్చి నిద్ర పోగొట్టుకున్నవారిని చాలామందిని చూశాను.

అంతకన్నా ముఖ్యం చెకౌట్ పద్ధతి. కొన్నిచోట్ల చేరిన గంట నుంచి 24 గంటలు లెక్కిస్తారు. మరికొన్నిచోట్ల ఎప్పుడు చేరినా మధ్యాహ్నం 12 గంటలకే రోజు మారుతుంది. తెల్లవారుజామున దిగే మీకు రెండో పద్ధతిలో కొద్ది గంటలకే ఒక రోజు అద్దె పడుతుంది, లేదా మధ్యాహ్నం దాకా సామానుతో కూర్చోవలసి వస్తుంది.

మ్యూజియానికి శుక్రవారం సెలవు, ఆసుపత్రి తేదీలను దానికి తగ్గట్టు చూసుకోండి. 1851లో మొదలైన ఆ మ్యూజియంలో అమరావతి స్తూపపు ఫలకాలకు ప్రత్యేకమైన గది ఉంది. 1845 ప్రాంతంలో ఆంగ్లేయ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించి మద్రాసుకు చేర్చినవాటిలో పెద్ద భాగం లండన్ బ్రిటిష్ మ్యూజియానికి తరలిపోగా, మనకు మిగిలినవాటిలో ముఖ్యమైనవి ఇక్కడే ఉన్నాయి. మాస్టారుగారిని తొందరపెట్టకండి, పూట మొత్తం కేటాయించండి.

జవాబు 2 (మైలాపూర్)

పై మాటలతో చాలావరకు ఏకీభవిస్తాను కానీ, మైలాపూర్‌ను కూడా ఆలోచించమంటాను. కపాలీశ్వరాలయం చుట్టుపక్కల సత్రాల వంటి నిరాడంబరమైన బసలు ఉన్నాయి, భోజనానికి వెతుక్కోనక్కర్లేదు. 1952లో పొట్టి శ్రీరాములుగారు ఆమరణ దీక్ష చేసిన ఇల్లు, ఇప్పటి స్మారక భవనం, మైలాపూర్‌లోని రాయపేట హైరోడ్డులోనే ఉంది. మీ నాన్నగారు తప్పక చూడాలనుకుంటారు. మెట్రో రెండో దశ పనుల వల్ల ఇక్కడి లజ్ కూడలి వైపు రాకపోకలకు సమయం పడుతున్న మాట మాత్రం నిజం.

జవాబు 3 (నెల్లూరు)

అద్దె చెప్పినప్పుడు పన్ను కలిపి చెప్పారో లేదో అడగండి. రోజుకు 7,500 రూపాయల లోపు గదులపై 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. ఎవరైనా పాత లెక్క చెబితే బిల్లు చూపించమనండి. అందరి ఆధార్ కార్డులూ వెంట ఉంచుకోండి.

ప్రశ్న అడిగినవారు

ముగ్గురికీ కృతజ్ఞతలు. అమ్మ మెట్లు ఎక్కలేరు కనుక లిఫ్టుకు మరీ దూరం కాకుండా, ఆనుకునీ లేకుండా, ఎగ్మోర్ లోపలి వీధిలో వెనకవైపు గది అడుగుతాను. మైలాపూర్‌కు ఒక సాయంత్రం వెళ్తాము. పాంథియన్ రోడ్డు వైపు 24 గంటల చెకౌట్ ఉన్న హోటల్ ఎవరికైనా తెలిస్తే పేరు చెప్పగలరా?