థైరాయిడ్ గడ్డ ఉన్న ప్రతి ఒక్కరికీ రక్తంలో కాల్సిటోనిన్ (థైరాయిడ్‌లోని సి-కణాలు వదిలే హార్మోన్) చూడాలా?

సూదిమొన: చూడాలనే నా వాదన. ఆ సి-కణాల్లో పుట్టే మెడ్యులరీ క్యాన్సర్లలో దాదాపు సగం ఎఫ్ఎన్ఏసీకి (గడ్డలో సన్నని సూది గుచ్చి తీసిన కణాల్ని స్లైడు మీద చూసే పరీక్షకి) దొరకవు. రక్తంలో కాల్సిటోనిన్ మిల్లీలీటరుకు 100 పికోగ్రాములు దాటితే మాత్రం అనుమానం చాలా బలపడుతుంది. ముందే తెలిస్తే గ్రంథి మొత్తాన్నీ, మెడ మధ్యలోని లింఫ్ గ్రంథుల్నీ ఒకేసారి తీస్తారు. తెలియక సగం తీసి, బయాప్సీ రిపోర్టు చూశాక మళ్లీ మెడ తెరవడం దేనికి?

పరీక్షనాళిక: 100 దాటితే పేచీ లేదండి. పేచీ అంతా 10కీ 100కీ మధ్యే. కిడ్నీ వైఫల్యం, పొగతాగడం, నెలల తరబడి వాడే ఒమెప్రజోల్ రకం ఎసిడిటీ మాత్రలు కూడా దాన్ని పెంచుతాయి. గడ్డల్లో మెడ్యులరీ మరీ అరుదు కాబట్టి, అందరికీ చేస్తే కొద్దిగా పెరిగినట్టు తేలేవాళ్లలో ఎక్కువమందికి ఆ జబ్బే ఉండదు. వాళ్లకీ ఆపరేషన్ అంటే ఎలుక కోసం ఇల్లు తగలబెట్టడమే. అమెరికన్ థైరాయిడ్ అసోసియేషన్ 2015 మార్గదర్శకాలు కూడా చెయ్యమనలేదు, వద్దనలేదు.

సూదిమొన: 40 వచ్చిందని కత్తి పట్టమని ఎవరన్నారు? కిడ్నీల పనితీరు తెలిసేలా క్రియాటినిన్ చూడండి, వీలైతే ఆ మాత్రలు ఆపించి మళ్లీ చేయండి. మగవాళ్లలో మామూలుగానే ఎక్కువుంటుంది, ఇద్దరికీ ఒకే హద్దు పెట్టకండి. అప్పటికీ తేలకపోతే, గడ్డలో గుచ్చిన సూదిని కాస్త సెలైన్‌తో కడిగి ఆ నీళ్లలో కాల్సిటోనిన్ కొలిపించండి. స్లైడు చెప్పలేనిది చాలాసార్లు అది చెబుతుంది.

పరీక్షనాళిక: ఆ కడిగిన నీళ్ల పరీక్షకు నా ఓటూ ఉంది. అయితే మీరు నమ్ముకున్న అంకె ల్యాబ్ దాకా చెడకుండా రావాలిగా! గది వేడిమిలో కాల్సిటోనిన్ త్వరగా విచ్ఛిన్నమవుతుంది. ట్యూబును ఐసులో పెట్టి తేవాలి, వెంటనే సీరం వేరుచేసి ఫ్రీజ్ చెయ్యాలి. బల్ల మీద గంటలు పడున్న నమూనాలో 'నార్మల్' అంటే ఏమీ తేలనట్టే. పెద్ద కణితి ఉన్నా అంకె తక్కువొస్తే హుక్ ఎఫెక్ట్ కావచ్చు: ఈ పరీక్ష హార్మోన్‌ను రెండు రకాల యాంటీబాడీల మధ్య శాండ్‌విచ్‌లా పట్టి కొలుస్తుంది; హార్మోన్ మితిమీరితే ఆ రెండూ విడివిడిగా నిండిపోయి శాండ్‌విచ్ కట్టుకోదు. సీరాన్ని 10 రెట్లు, 100 రెట్లు పలచన చేసి మళ్లీ నడిపితే దొరుకుతుంది. జుట్టు కోసం బయోటిన్ విటమిన్ మాత్రలు మింగేవాళ్లలోనూ కొన్ని కిట్లు దొంగ తక్కువ చూపిస్తాయి. అది అడిగేవాళ్లే కరువు.

మధ్యేమార్గం: కుటుంబంలో మెడ్యులరీ ఉన్నవాళ్లకీ, ఎఫ్ఎన్ఏసీ అటూఇటూ తేల్చనివాళ్లకీ, ఎలాగూ ఆపరేషన్‌కు వెళ్లేవాళ్లకీ చేస్తే చాలదా? ఒకటి మాత్రం మరవొద్దు. మెడ్యులరీ అని తేలితే ఆర్ఈటీ జన్యు పరీక్ష (జబ్బు వంశపారంపర్యమా అని చూసేది), కత్తి పెట్టేముందు ప్లాస్మా మెటానెఫ్రిన్లు (అడ్రినల్ కణితిని పట్టే రక్తపరీక్ష) చేయించాలి. వంశపారంపర్య మెడ్యులరీతో కలిసి రాగల ఫియోక్రోమోసైటోమా అనే కణితి, కిడ్నీ పైనుండే అడ్రినల్ గ్రంథిలో దాగుంటే మత్తులో బీపీ ఒక్కసారిగా ఎగసి ప్రాణం మీదికి వస్తుంది.

సూదిమొన: ఆపరేషన్‌కు వెళ్లే ప్రతి ఒక్కరికీ అంటే ఒప్పుకుంటాను. ఎఫ్ఎన్ఏసీ 'మంచి గడ్డే' అని ఇంటికి పంపినవాళ్ల సంగతే ఇంకా తేలలేదు.